పోతలేదు మేడం

జుట్టు ముడి కొంచెం పైకెత్తి పట్టుకోమంది డాక్టరమ్మ. పట్టుకున్నాను. మెడ వెనక వేలితో రాసి చూసి, "ఈ నలుపు ఎన్నాళ్ళ సంది ఉందమ్మా?" అనడిగింది.

"చాన్నాళ్ళాయె. పుస్తెలతాడు రాపిడికి అట్లయింది" అన్నాను. అప్పటికప్పుడు ఆలోచించి చెప్పిన జవాబు కాదు. ఏళ్ళ తరబడి అద్దం ముందు నాకు నేను చెప్పుకుంటూ వచ్చిందే.

"చంకల్లో కూడా ఉందా?"

"ఉంది."

"అక్కడ తాడు ఉండదు కదమ్మా."

మెత్తగానే అంది. నాకే జవాబు దొరకలేదు.

2023 సెప్టెంబరు అది. నాకు 52 ఏళ్ళు. మోకాళ్ళ నొప్పులకు మందు రాయించుకుందామని ఆదిలాబాద్ పట్నంలో ఆమె దగ్గరికి పోయాను. ఆమె మోకాళ్ళ కంటే ముందు నడుము కొలిచింది. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్య టేపు చుట్టి, ఊపిరి వదలమని, 94 సెంటీమీటర్లని రాసుకుంది. మన దేశంలో ఆడవాళ్ళకు 80, మగవాళ్ళకు 90 దాటితే జాగ్రత్త పడాలట. బీపీ 138/88. మర్నాడు పరగడుపున ఇచ్చిన రక్తంలో షుగర్ 118, ట్రైగ్లిజరైడ్లు 212, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ 41. ట్రైగ్లిజరైడ్లు 150 లోపు, పరగడుపు షుగర్ 100 లోపు, బీపీ 130/85 లోపు ఉండాలి. ఆడవాళ్ళకు హెచ్‌డీఎల్ 50కి తగ్గకూడదు. నడుముతో కలిపి ఈ ఐదింటిలో మూడు తప్పితే మెటబాలిక్ సిండ్రోమ్ అంటారని, నాకు ఐదూ తప్పాయని కాగితం మీద గీతలు గీసి చూపించింది. షుగర్ జబ్బు ఇంకా రాలేదు, గడప దాకా వచ్చింది అంది. నడక, తిండి, మందు, అన్నీ చెప్పింది. తలూపుతూ విన్నాను. నేను లేస్తుంటే మళ్ళీ మెడ మాట ఎత్తింది.

"పౌడర్లు, క్రీములు పెట్టకండి. రుద్దకండి. అది మురికి కాదు, ఎంత రుద్దినా పోదు."

లేచినదాన్ని మళ్ళీ కుర్చీలో కూర్చుండిపోయాను. పన్నెండేళ్ళ కింద ఒక పిల్ల నాతో ఇదే మాట చెప్పింది. నేను వినలేదు.

2011లో నేను ఉట్నూర్ ఏజెన్సీలో ఒక బాలికల ఆశ్రమ పాఠశాలలో తెలుగు టీచర్ని, హాస్టల్ వార్డెన్ని కూడా. బడి పేరు, పిల్ల పేరు రాయను. జగిత్యాల దగ్గర పుట్టి పెరిగినదాన్ని. ఏజెన్సీలోని గోండు పిల్లలు మొదట్లో నాకు వరుసలుగా తప్ప ఒక్కొక్కరుగా కనిపించేవాళ్ళు కాదు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ నిజం. గోండి రాదు. నేర్చుకోవాలని కూడా అనుకోలేదు. కొమరం భీం పోరాటం తర్వాత నిజాం ప్రభుత్వం పంపగా వచ్చిన హైమన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త 1940లలో మార్లవాయిలో కాపురముండి, గోండు యువకులకు టీచర్లుగా శిక్షణ ఇప్పించి, పిల్లలకు వాళ్ళ భాషలోనే చదువు మొదలుపెట్టించాడని నేను చదువుకున్నాను. చదివి, పరీక్షలో రాసి, మార్కులు తెచ్చుకున్నాను. ఆ గోండు పిల్లల మధ్యే ఉద్యోగం చేస్తూ, నీళ్ళను వాళ్ళ మాటలో ఏమంటారో ఒక్కరోజూ అడగలేదు.

ఆ పిల్లది ఎనిమిదో తరగతి. పదమూడేళ్ళు. సన్నటి చేతులు, సన్నటి కాళ్ళు. నడుము దగ్గర మాత్రం లంగా బిగుతుగా ఉండేది. పద్యం ఒకసారి వింటే చాలు, మర్నాడు అప్పజెప్పేది. మెడలో వాళ్ళ అమ్మమ్మ గుచ్చి వేసిన పూసల దండ. ఆ దండ కింద, మెడ వెనక, నల్లటి పట్టీ ఒకటి. మడతలు మడతలుగా, మఖమల్ గుడ్డ పెట్టి కుట్టినట్టు మందంగా.

ప్రార్థన వరుసలో గోళ్ళు, జుట్టు, బట్టలు చూడడం నా అలవాటు. మొదటిసారి కంటబడినప్పుడు, "ఏందే ఇది? తానం చేస్తున్నవా లేదా?" అన్నాను.

"చేస్తున్న మేడం. రుద్దుతున్న. పోతలేదు."

మరుసటి వారమూ అట్లాగే ఉంది. నాకు ఎదురు చెబుతోందనుకున్నాను. బడి మొత్తం చూస్తుండగా ముందుకు పిలిచి, అటు తిప్పి నిలబెట్టి, మెడ మీద ఇంత మట్టి పెట్టుకుని చదువేం వస్తదని అడిగాను. వెనక వరుసల్లో నవ్వులు. ఆపలేదు నేను. ఆదివారం నాడు పదో తరగతి పిల్లల్ని ఇద్దర్ని పిలిచి, ఆ పిల్లను నీళ్ళ ట్యాంకు దగ్గర కూర్చోబెట్టించి, సబ్బూ బీరపీచూ ఇచ్చి రుద్దించాను. పక్కనే నిలబడి చూశాను. తోలు ఎర్రబడింది. అక్కడక్కడ రక్తం చుక్కలు పొడిచాయి. నలుపు చెక్కుచెదరలేదు. పిల్ల ఏడవలేదు. నడుమ ఒక్కసారి తల తిప్పి, "పోతలేదు మేడం" అంది. నాకు చెప్పినట్టు లేదు. తనకే అంతుపట్టనట్టుంది ఆ గొంతు.

రక్తం వచ్చేదాకా రుద్దినా పోనిది మురికి కాదని చిన్న పిల్లలకైనా తెలుస్తుంది. డిగ్రీ, బీఈడీ చదివిన నాకు తట్టలేదు. ఇది ఏదైనా జబ్బేమో, ఒక డాక్టరుకు చూపిద్దామా అనే మాట నా మనసులో పుట్టనే లేదు. ఆ వానాకాలమంతా జ్వరాలతో వణికే పిల్లల్ని జీపుల్లో ఎక్కించి దవాఖానకు తీసుకుపోయినదాన్ని, రక్తం లేక పాలిపోయిన పిల్లలకు ఐరన్ గోళీలు దగ్గరుండి మింగించినదాన్ని. అడవి పిల్లలకు మలేరియా ఉంటుంది, గజ్జి ఉంటుంది, రక్తం తక్కువ ఉంటుంది అని నా తలలో ఒక పట్టిక ఉండేది. అందులో లేనిదంతా శుభ్రత తెలియకపోవడమే.

అంతటితో ఆగినా బాగుండేది.

నెలనెలా పిల్లలకు ప్యాడ్‌ల ప్యాకెట్లు ఇచ్చి సంతకం తీసుకునే నోటుబుక్కు నా దగ్గర ఉండేది. ఆ పిల్ల పేరు ఎదురుగా మూడు నెలలు ఖాళీ. గదిలోకి పిలిచి తలుపు వేసి అడిగాను. రాలేదు మేడం, అంది. ఎందుకు రాలేదన్నాను. తెలువదంది. అప్పుడు నేను అడిగిన ప్రశ్న పదమూడేళ్ళ పిల్లను ఎవరూ అడగకూడనిది. సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఎవరితో తిరిగినవని అడిగాను. ఆ పిల్ల నా మొహంలోకి చూసి, నేలకేసి చూసింది. ఆ చూపును నేను ఒప్పుకోలుగా తీసుకున్నాను.

కబురు పెట్టాను. తల్లిదండ్రులు పత్తి పనిలో ఉండి, అమ్మమ్మ వచ్చింది, నడిచి. ఆమెకు తెలుగు రాదు. నాకు గోండి రాదు. ఇద్దరికీ నడుమ మాట చేరవేసేందుకు ఆ పిల్లనే నిలబెట్టాను. నీ మనవరాలి మీద నాకు అనుమానంగా ఉందని తెలుగులో నేను అన్నదాన్ని ఆ పిల్ల తన నోటితో, తన భాషలో, తన అమ్మమ్మకు చెప్పింది. ముసలామె చాలాసేపు ఏదో మాట్లాడింది. గొంతు పెరిగింది, చేతులు నా వైపు చాచింది. ఏమంటుందని అడిగాను. "సరే అంటుంది మేడం" అంది పిల్ల.

ఆ ఏడు దీపావళికి, దండారి ఆటలకని ఇంటికి పోయిన పిల్లల్లో ఆమె తిరిగి రాలేదు. రెండు నెలలు చూసి రిజిస్టర్లో బడి మానేసినట్టు రాశాను. కారణం గడిలో 'ఆసక్తి లేదు' అని రాశాను. ఆ అక్షరాలు నావి. ఆ రిజిస్టర్ ఎక్కడో ఇప్పటికీ ఉండే ఉంటుంది.

డాక్టరమ్మ చెప్పింది విన్నాక, ఆ తర్వాత నేను వెతికి చదువుకున్నాక, ఇన్సులిన్ సంగతి నాకు బడి లెక్కలోనే అర్థమైంది. రోజూ అరిచే టీచరు మాటకు పిల్లలు అలవాటు పడిపోతారు. కదలరు. టీచరు ఇంకా గట్టిగా అరుస్తుంది. తిన్న అన్నం చక్కెరై నెత్తురులోకి వచ్చినప్పుడు, దాన్ని లోపలికి తీసుకోమని కండరాలకూ కాలేయానికీ చెప్పే గొంతు ఇన్సులిన్. అవి మాట వినడం తగ్గిస్తే క్లోమం ఇంకా ఇంకా ఇన్సులిన్ పంపుతుంది. ఏళ్ళ తరబడి ఇట్లా నడుస్తుంది. షుగర్ పరీక్ష చేస్తే మామూలుగానే కనిపిస్తుంది, ఎందుకంటే అరుపులతోనైనా పని జరుగుతోంది. గొంతు పోయిన రోజున షుగర్ పెరుగుతుంది. ఆ ముందటి కాలాన్నే ఇన్సులిన్ రెసిస్టెన్స్ అంటారు.

ఆ అరుపు పక్క గదికి కూడా వినపడుతుంది. చర్మం ఆ పక్క గది. కండరం వినని ఇన్సులిన్‌కు చర్మపు కణాలు స్పందిస్తాయి. ఇన్సులిన్ మరీ ఎక్కువైతే, వాటిని పెరగమని చెప్పే వేరే హార్మోను తలుపులు కూడా తెరుచుకుంటాయి. అవి లెక్కకు మించి పెరిగి, చర్మం మందమై, మడతలు పడి, మెడ దగ్గరా చంకల్లోనూ నల్లబారుతుంది. అకాంథోసిస్ నైగ్రికాన్స్ అని దాని పేరు. 1890లోనే చర్మవైద్యులు దాన్ని గుర్తించి రాశారు. ఇన్సులిన్ పనిచెయ్యని స్థితికి అది గుర్తు కావచ్చునని 1976లో అమెరికాలో రోనాల్డ్ కాన్, జెఫ్రీ ఫ్లయర్ వాళ్ళ బృందం చూపించింది. బీపీ, షుగర్, ట్రైగ్లిజరైడ్లు, ఇవన్నీ విడివిడి జబ్బులు కావు, వీటి వెనక ఇన్సులిన్ ఉందని 1988లో జెరాల్డ్ రీవెన్ ఒక ఉపన్యాసంలో చెప్పాడు. ఈ మెడ గుర్తు ఉన్న ప్రతివాళ్ళకూ షుగర్ వస్తుందని కాదు. కానీ అది కనిపిస్తే పరీక్ష చేయించాలి. ఆ గుర్తును చూడడానికి సూది అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు. చూసే కన్ను చాలు.

నెలసరి సంగతి కూడా అదే. ఎక్కువైన ఇన్సులిన్ అండాశయాలను కదిలించి మగ హార్మోన్లను పెంచుతుంది, అండం విడుదల ఆగిపోతుంది, నెలలు తప్పుతాయి. పీసీఓఎస్ అని ఇప్పుడు పట్నంలో ప్రతి ఇంటికీ తెలిసిన పేరు. మా అక్క బిడ్డకు అదే వయసులో నెలలు తప్పితే, కరీంనగర్ తీసుకుపోయి స్కానింగ్ చేయించమని ఫోన్లో చెప్పింది నేనే. ఎవరితో తిరిగినవని మా అక్క బిడ్డను ఎవరూ అడగలేదు.

దీని దగ్గరే నేను ఆగిపోతున్నాను. తెలియక చేశానని చెప్పుకుంటే సగం తప్పు దిగిపోతుంది. తెలియకపోవడం ఒక్కటే అయితే ఇద్దరికీ ఒకేలా తెలియకుండా ఉండాలి కదా. ఆ పిల్ల మెడలో పూసల దండ ఉంది. దండ రాపిడి అని నేను అనుకోవచ్చు. నా మెడకు ఆ కారణం వెంటనే తోచింది, ఆ పిల్ల మెడకు తోచలేదు. ఒకే నలుపు నా ఒంటి మీద బంగారం వల్ల వచ్చింది, ఆమె ఒంటి మీద మట్టి వల్ల వచ్చింది. నెల తప్పితే మా ఇంటి పిల్లది జబ్బు, గోండు పిల్లది నడవడి. జబ్బుకు సంబంధించిన రెండు గుర్తులు ఒకే పిల్ల ఒంటి మీద నా ఎదుట నిలబడితే, రెండింటినీ తప్పులుగా చదివాను. రోజూ చదవడం నేర్పే పని చేస్తూ.

ఆ పిల్ల సన్నగా ఉండేది కదా, ఆమెకు ఇదేమిటని నాకు తర్వాత సందేహం వచ్చింది. పుణెలో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ ఏళ్ళ తరబడి చేసిన పని దానికి జవాబు. పుణె దగ్గరి పల్లెల్లో పుట్టిన బిడ్డల సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండులో సౌతాంప్టన్ బిడ్డలది 3.5. మన బిడ్డల్లో కండ తగ్గినంతగా కొవ్వు తగ్గలేదు. సన్నని ఒంట్లో దాగిన కొవ్వు అది, ముఖ్యంగా కడుపు దగ్గర. 2004లో ఆయనా, జాన్ యుడ్కిన్ అనే ఇంగ్లండు డాక్టరూ పక్కపక్కన నిలబడి తీయించుకున్న ఫొటో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. బరువు తూచే యంత్రం ఎంత మోసం చేస్తుందో చూపడానికి ఇంతకంటే ఏం కావాలి? కడుపులో ఉన్నప్పుడు తల్లికి తిండి చాలక సన్నగా పుట్టిన బిడ్డ, పెరిగాక కడుపు నిండా తెల్లన్నం తింటే, ఆ భారం క్లోమం మీద పడుతుంది. ఉట్నూర్ గూడేల్లో రెండు తరాల్లో జరిగింది అదేనని నాకనిపిస్తుంది.

నేను అన్నాన్ని తిట్టడం లేదు. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇచ్చాక ఆకలితో పడుకోవడం తగ్గింది. అది మా ఇంట్లోనూ చూశాను. కానీ జొన్న గటక, జొన్న రొట్టె తిన్న ఇళ్ళలోకి బియ్యం వచ్చింది, చేనులో పత్తి వచ్చింది. యాసంగి జొన్న ఆదిలాబాద్‌లో ఇప్పటికీ పండుతుంది, కానీ చాలా మటుకు మార్కెట్‌కు పోతుంది. మా హాస్టల్లో రెండు పూటలా అన్నం, పొద్దున కిచిడీ. అదీ బియ్యమే. ఆ పిల్ల బళ్ళో చేరేదాకా రొట్టె మీదే పెరిగింది.

తిండి ఇట్లా మారిన కథ మన దగ్గరే కాదు. అమెరికాలో అరిజోనా రాష్ట్రంలో పీమా అనే ఆదివాసులున్నారు. గీలా నది నీళ్ళతో పంటలు పండించుకునేవాళ్ళు. నది ఎగువన వలస వచ్చినవాళ్ళు నీళ్ళు మళ్ళించుకున్నారు, పంటలు పోయాయి, సర్కారు పంచిన పిండి, పందికొవ్వు, చక్కెర మీద బతికారు. 1965 నుంచి పరిశోధకులు వాళ్ళ షుగర్‌ను లెక్కపెడుతూ వచ్చారు. సరిహద్దుకు అవతల మెక్సికో కొండల్లో అదే జాతి వాళ్ళు తమ చేలల్లో పని చేసుకుంటూ ఉన్నారు. 2006లో అచ్చైన అధ్యయనంలో రెండు చోట్లవారినీ పోల్చి చూస్తే, అరిజోనాలో పెద్దవాళ్ళలో 38 శాతం మందికి షుగర్, మెక్సికోలో 6.9 శాతం మందికి. నెత్తురు ఒకటే. మారింది తిండీ, పనీ. ఆదివాసులకు షుగర్ రాదని నమ్మిన నేను ఈ అంకెల ముందు చాలాసేపు కూర్చున్నాను.

ఇంకొకటి చదివి మరింత బాధపడ్డాను. టెక్సస్‌లో, మెక్సికో మూలాల కుటుంబాలు ఎక్కువగా ఉన్న సరిహద్దు జిల్లాల బడుల్లో, పిల్లల మెడ వెనక ఈ గుర్తు ఉందేమో చూడాలని 1999లోనే చట్టం చేశారు. ఆ తర్వాత మరికొన్ని ప్రాంతాలకు విస్తరించారు. ఒకటి, మూడు, ఐదు, ఏడు తరగతుల పిల్లలకు కంటి పరీక్షతో పాటు బడి నర్సు మెడ చూస్తుంది. గుర్తు కనిపిస్తే బరువు, ఎత్తు, బీపీ రాసి, డాక్టరుకు చూపించమని ఇంటికి ఉత్తరం పంపుతారు. అంటే 2011లో నేను మా పిల్ల మెడకు బీరపీచు పట్టిన రోజుల్లో, ఇంకో దేశంలో ఒక బడి నర్సు అట్లాంటి మెడను చూసి కాగితం తీసి రాసుకుంటూ ఉండి ఉంటుంది.

మన దగ్గర 30 ఏళ్ళు దాటినవాళ్ళకు ఆశా కార్యకర్త ఇంటింటికీ తిరిగి సీబ్యాక్ ఫారం నింపుతుంది. వయసు, పొగాకు, మందు, నడుము కొలత, ఒంటి పని, ఇంట్లో ఎవరికైనా బీపీ, షుగర్ ఉన్నాయా అన్నవి అడుగుతుంది. మంచి ఫారం. టేపు కూడా ఉంటుంది వాళ్ళ దగ్గర. కానీ 13 ఏళ్ళ పిల్ల ఆ లెక్కలోకి రాదు. ఆశ్రమ పాఠశాలల్లో ఏడాదికి రెండుసార్లు మెడ చూసి, నడుము కొలిచి, బీపీ రాయాలని నేను అడుగుతున్నాను. ఏఎన్ఎంకు ఒక పూట పని. ప్రార్థన వరుసలో మాత్రం కాదు. గదిలో, ఒక్కొక్కరిని, తలుపు దగ్గరికి వేసి, ఎందుకు చూస్తున్నామో ముందు చెప్పి. వీలైతే వాళ్ళ భాషలో. పది మందిలో నిలబెట్టి చూస్తే పరీక్షకూ శిక్షకూ తేడా పిల్లలకు తెలియదు. నాకు తెలియలేదు కదా.

డాక్టరమ్మ దగ్గరి నుంచి వచ్చిన మర్నాడే ఆ పిల్ల దగ్గరికి పోవలసింది. నాలుగు నెలలు వాయిదా వేశాను. మోకాళ్ళు అన్నాను, పరీక్షల డ్యూటీ అన్నాను. భయం. చివరికి 2024 జనవరిలో, అంగన్‌వాడీ టీచరుగా పనిచేస్తున్న నా పాత విద్యార్థి ఒకామె ద్వారా ఆచూకీ కనుక్కుని బస్సెక్కాను. గుడిహత్నూర్ దాటి, ఇంద్రవెల్లి స్థూపం దాటి, ఉట్నూర్‌లో దిగి ఆటో. దారి పొడుగునా ఏం చెప్పాలో మనసులో రాసుకుంటూనే పోయాను.

వాకిట్లో పత్తి ఆరబోసి ఉంది. ఆమె నన్ను చూడగానే గుర్తుపట్టి, "రామ్ రామ్ మేడం" అని చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఐదో నెల కడుపు. మూడేళ్ళ బిడ్డ కొంగు పట్టుకుని ఉంది. మెడలో అవే పూసలు. నలుపు పక్కలకు కూడా పాకింది.

అడుగుతుంటే చెప్పింది. 2016లో పెళ్ళయింది. "నాలుగేళ్ళు కాలే మేడం. మొక్కని దేవుడు లేడు. అత్త నాతోని మాట్లాడకపోయేది." తర్వాత ఈ బిడ్డ. నాలుగు కిలోలు, ఆపరేషన్ చేసి తీశారు. అప్పుడు షుగర్ పరీక్ష ఏదైనా చేశారా అంటే యాదికి లేదంది.

బస్సులో రాసుకున్న మాటలేవీ నాకు దొరకలేదు. "నీ మెడ మీదిది మట్టి కాదు బిడ్డా. నేను నీకు తప్పు చేసిన. అది జబ్బు గుర్తు, నాక్కూడా ఉంది" అన్నాను. జుట్టు ముడి ఎత్తి చూపించాను. ఆమె దగ్గరికి వచ్చి వంగి చూసింది. వేలితో ముట్టుకుని చూసింది. "నాది గిట్లనే ఉండె" అంది. కొంచెంసేపాగి, "మీరు తిట్టింది నాకు యాదికి లేదు మేడం" అంది.

ఆ వారం మేమిద్దరం ఉపకేంద్రానికి పోయాం. పట్నం ల్యాబ్‌లో మూడు నెలల షుగర్ పరీక్ష, హెచ్‌బీఏ1సీ, నా డబ్బులతో చేయిస్తానని నేనంటే, ఆమె ఒక కార్డు తీసింది. సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు పరీక్ష కార్డు. 2023 జులైలో మొదలైన జాతీయ కార్యక్రమం కింద గూడెంలో పరీక్షలు చేశారట. ఆమెలో ఆ లక్షణం ఒక పాలు ఉంది, జబ్బు లేదు. ఫోన్లో డాక్టరమ్మను అడిగాను. సికిల్ లక్షణం ఉన్నవాళ్ళలో హెచ్‌బీఏ1సీ ఉన్నదాని కంటే తక్కువ చూపించవచ్చు, గర్భంలో అసలు దాని మీద ఆధారపడొద్దు, గ్లూకోజ్ తాగించి చూడమంది. ముందు అడిగినందుకు ఊపిరి పీల్చుకున్నాను. అడగకుండా చేయించి ఉంటే, అంకె బాగుందని ఈసారి కాగితం చేతిలో పెట్టుకుని మరీ ఆమెను ఇంటికి పంపేదాన్ని.

ఏఎన్ఎం 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్ళలో కలిపి ఇచ్చింది. రెండు గంటలు ఆగాలి. బయట ఇప్పచెట్టు కింద కూర్చున్నాం. బిడ్డ మట్టిలో గీతలు గీస్తోంది. పన్నెండేళ్ళుగా నన్ను తొలుస్తున్నదాన్ని అప్పుడు అడిగాను. ఆ రోజు అమ్మమ్మ అంతసేపు ఏమన్నది? నువ్వు సరే అంటుందని చెప్పినవు.

ఆమె ఎక్కువసేపు ఆలోచించలేదు. "ఈ పిల్ల నా చేతుల్ల పెరిగింది, దీని ఒళ్ళు నాకు తెలువదా, ఏదో రోగం ఉన్నట్టుంది దవాఖానకు తోల్కపోండ్రి అన్నది మేడం."

అమ్మమ్మ పోయి ఐదేళ్ళయిందట.

రెండు గంటల తర్వాత 168 వచ్చింది. 140 దాటితే గర్భంలో వచ్చే షుగర్ కింద లెక్క. ఏఎన్ఎం ఉట్నూర్‌కు చీటీ రాసింది. తిండి ఎట్లా మార్చాలో చెప్పింది. జొన్న రొట్టె తినొచ్చా అని ఈమె అడిగితే, అన్నం తగ్గించి అదే తినమంది, రెండు వారాలకు మళ్ళీ చూద్దామంది. కాన్పు తర్వాత కూడా ఆరు వారాలకు ఒకసారి, ఆపైన ఏటేటా చూపించుకోవాలని నేను చీటీ వెనక తారీకులు రాసి ఇచ్చాను.

ఇంటికి తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. కాళ్ళు కడుక్కుంటానంటే ఇంటి వెనక స్నానాల బండ దగ్గరికి తీసుకుపోయింది. గోలెం పక్కన గూటిలో సబ్బు బిళ్ళ, దాని మీద బీరపీచు. అరిగిపోయి ఉంది. నేను దాన్నే చూస్తున్నానని ఆమె గమనించింది.

"ఇంక రుద్దకు బిడ్డా" అన్నాను. "అది రుద్దితే పోయేది కాదు."

"అలవాటైంది మేడం" అంది, నా కాళ్ళ మీద నీళ్ళు పోస్తూ. "మీరు చెప్పిన సంది ఒక్కనాడు తప్పలే."